కండరాలను సడలించే ఇంజెక్షన్ ప్రమాదకరమా? మా ఇంట్లో జరిగినది చెబుతాను

తమ తండ్రిగారికి పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ నిర్ణయమైందని, మత్తుతో పాటు కండరాలను సడలించే ఇంజెక్షన్ కూడా ఇస్తారట, దానివల్ల ప్రమాదమేమైనా ఉందా అని ఒకరు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, గుంటూరు జిల్లాలో మిర్చి వ్యాపారం చేసుకునేవాణ్ణి. అయినా ఈ ఒక్క విషయంలో మా కుటుంబం చెల్లించుకున్న మూల్యం ఉంది కనుక మాట్లాడే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

2011 వేసవిలో ఒక రాత్రి మా తమ్ముడికి అపెండిక్స్ నొప్పి భరించరానంతగా వస్తే దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. పది గంటలకు థియేటర్‌లోకి తీసుకువెళ్లారు. పదకొండుకల్లా సర్జన్ గారు బయటికి వచ్చి, ఆపరేషన్ బాగా జరిగిందని, పావుగంటలో కుర్రవాణ్ణి వార్డుకు తెస్తారని చెప్పి వెళ్లిపోయారు. ఆ పావుగంట రెండు గంటలైంది. లోపలికి వెళ్లే నర్సులను అడిగితే ‘వస్తాడండీ, కూర్చోండి’ అనడమే తప్ప మరో మాట లేదు. ఒంటిగంట దాటాక మత్తు డాక్టరు గారు మాస్కు గడ్డం కిందికి లాక్కుని బయటికి వచ్చి, మా నాన్నగారిని మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: ‘మీరు ఆర్యవైశ్యులాండీ?’

మా నాన్నగారికి కోపం ఆగలేదు. ‘మా వాడు లోపల లేవకుండా పడి ఉంటే మీకు కులం కావలసివచ్చిందా?’ అని గట్టిగానే అన్నారు. ఆ డాక్టరు నొచ్చుకోకుండా రెండో ప్రశ్న వేశారు: ‘మీ ఇంట్లో ఇంకెవరైనా ఆపరేషన్ తరువాత ఆలస్యంగా లేచారా?’ అప్పుడు మా నాయనమ్మ మెల్లగా నోరు విప్పింది. మా మేనత్తకు ఎప్పుడో పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ తరువాత రోజంతా స్పృహ రాలేదట. ‘మత్తు ఎక్కువైంది’ అని అందరూ సరిపెట్టుకున్నారు. ఇరవై అయిదేళ్ల పైబడి ఆ మాట మా ఇంట్లో ఒక వేళాకోళంగా తిరిగింది తప్ప ఏ డాక్టరు చెవినీ పడలేదు.

ఆ రాత్రి ఆయన కారిడార్‌లో నిలబడి చెప్పినది, తరువాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. గొంతులో గొట్టం వేయడానికి త్వరగా పనిచేసే మందుగా సక్సినైల్‌కోలిన్‌ను వాడతారు, దాన్నే డాక్టర్లు స్కోలిన్ అంటారు. నిమిషంలోపే ఒంట్లోని కండరాలన్నీ, ఊపిరి తీసే కండరాలతో సహా, పట్టు విడిచేస్తాయి. మామూలు మనిషిలో దాని ప్రభావం పది నిమిషాలకు మించదు, ఎందుకంటే కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే సూడోకోలినెస్టరేస్ అనే ఎంజైమ్ ఆ మందులో అధికభాగాన్ని కండరాన్ని చేరకముందే విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివారికి అదే మోతాదు గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. దీనినే స్కోలిన్ ఆప్నియా అంటారు, ఆప్నియా అంటే ఊపిరి ఆగిపోవడం. ఈ లోపం ప్రపంచంలో చాలా అరుదైనదే కాని మన ఆర్యవైశ్యులలో మాత్రం అనేక రెట్లు ఎక్కువ. కోయంబత్తూరులోని వైశ్యులను పరీక్షించి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఆ ఎంజైమ్‌లోని అమైనో ఆమ్లాల గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రొలీన్ ఉండడమే కారణమని తేల్చారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఆ ఎంజైమ్ జన్యువు ప్రతులు రెండూ చెడినవి వస్తేనే ఇలా జరుగుతుంది. మేనరికాన్ని విడిచిపెట్టరాని ఆచారంగా పాటించిన కులంలో ఇది పేరుకుపోవడంలో ఆశ్చర్యమేముంది? మా అమ్మా నాన్నలది కూడా మేనరికమే.

ఇందులో చికిత్స అంటూ పెద్దగా లేదు. వెంటిలేటర్ మీద ఉంచి, నిద్ర మందు కొనసాగిస్తూ, మందు దానంతట అది విడిచేదాకా వేచి ఉండడమే. మా వాడు తెల్లవారి ఆరు గంటలకు చెయ్యి కదిపాడు.

అయితే నన్ను ఇప్పటికీ వదలని సంగతి వేరే ఉంది. ఆపరేషన్ అయిపోయిందని మత్తు ఆపేసిన తరువాత, సంగతేమిటో డాక్టరు గ్రహించి మళ్లీ నిద్ర మందు ఎక్కించే దాకా, మా తమ్ముడికి పూర్తిగా మెలకువ ఉంది. ఎవరో తన పేరు పెట్టి పిలవడం, చెంప మీద తట్టడం, ఒక నర్సు తన డ్యూటీ మార్పు గురించి ఫిర్యాదు చేయడం అన్నీ విన్నాడు. కనురెప్ప కూడా ఎత్తలేకపోయాడు. ఈ మందులు కదలికను తీసేస్తాయే కాని స్పృహను గాని నొప్పిని గాని తీయవన్న మాట కొత్తది కాదు. 1942 జనవరి 23న మాంట్రియల్‌లో హారొల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే వైద్యులు కండరాలను సడలించే క్యురారే మందును ఆపరేషన్‌లో వాడారు (అదీ అపెండిక్స్ ఆపరేషనే). ఆ తరువాత కొన్నేళ్లకే అమెరికాలో స్కాట్ స్మిత్ అనే వైద్యుడు తన ఒంట్లోకే ఆ మందు ఎక్కించుకుని, కదలలేకపోయినా అన్నీ తెలుస్తూనే ఉన్నాయని నిరూపించి 1947లో ప్రచురించాడు. కనుక ఐసీయూలో ఈ మందులు పెట్టిన మనిషి కదలకుండా పడుకున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని అర్థం కాదు. నిద్ర మందు సరిగా ఎక్కుతోందా అని బంధువులు అడగడంలో తప్పేమీ లేదు.

ఇంత జరిగాక డిశ్చార్జి కాగితంలో రాసినది ‘ఆపరేషన్ అనంతరం కోలుకోవడంలో జాప్యం’ అన్న ఒక్క ముక్క. వెంటిలేటర్ బిల్లు మాత్రం గంటలతో సహా వివరంగా వేశారు.

తరువాత మేమంతా ఎంజైమ్ పరీక్ష చేయించుకున్నాము. పత్తీ మిర్చీ పండే మా ప్రాంతంలో ఈ పరీక్ష ల్యాబులన్నిటికీ బాగా పరిచయం, ఎందుకంటే పురుగుమందు తాగినవారిలో కూడా ఇదే ఎంజైమ్ పడిపోతుంది. నా రిపోర్టు చూసిన ల్యాబు కుర్రవాడు నన్ను పక్కకు పిలిచి, ‘అన్నా, ఇంట్లో ఏమైనా గొడవలా? మందేమైనా తాగావా?’ అని ఎంతో దయగా అడిగాడు. మా చెల్లెలిది సరిగానే ఉంది, నాదీ తమ్ముడిదీ దాదాపు సున్నా. ఈ సంగతి బయటికి చెబితే పిల్లల సంబంధాలు చెడిపోతాయని మా బాబాయి గారు వారించారు. రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ పెట్టని లోపాన్ని దాచిపెట్టి, ఐసీయూలో నోరు లేకుండా పడి ఉన్నప్పుడు దానితోనే ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏం తెలివి? ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి ఆర్యవైశ్యుడూ ఈ పరీక్ష చేయించుకుని తీరాలన్నది నా గట్టి అభిప్రాయం, డాక్టర్లు అవసరం లేదన్నా సరే.

ఇక మీ తండ్రిగారి సంగతి. ఈ మందుల జాతి మొత్తానికీ భయపడనవసరం లేదు. కండరాలను సడలించే మందులలోనే అట్రాక్యూరియం అనేది ఒంటి వేడికే దానంతట అది విరిగిపోతుంది. రోక్యూరోనియం అనే మరో మందు ప్రభావాన్ని వెనక్కి తిప్పడానికి సుగమ్మాడెక్స్ అనే విరుగుడు ఉంది. ఈ రెండింటికీ మా లోపంతో పేచీ లేదు. మత్తు డాక్టరు ముందురోజు వచ్చి ‘ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా?’ అని అడిగినప్పుడు మాత్రం అలవాటుగా ‘లేదండీ’ అనేయకుండా, ముందే పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి వెళ్లండి.

2019లో నాకూ పిత్తాశయం తీశారు. నా పర్సులో మడిచి పెట్టుకున్న కాగితం మత్తు డాక్టరు చేతిలో పెడితే ఆవిడ రెండుసార్లు చదివి, నర్సుతో ‘ఈయనకు స్కోలిన్ వద్దు, అట్రాక్యూరియం తీయండి’ అన్నారు. వేళకే లేచాను. డిశ్చార్జి కాగితంలో ఆ విషయం మళ్లీ రాయలేదు. ఆటో బయట ఎదురుచూస్తుండగా కౌంటరు దగ్గర గంటసేపు కూర్చుని, ఆ వాక్యం రాయించి, స్టాంపు వేయించుకున్నాకే ఇంటికి వెళ్లాను.