కోబ్రా ఆఖరి రెండు నెలల ప్రీమియం మానేయవచ్చా?

సందేహం: టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం, గ్రీన్‌కార్డులున్నాయి. పదకొండేళ్లు చాకిరీ చేయించుకున్న కంపెనీ ఒక్క మెయిల్‌తో నన్ను తీసేసింది. 2025 ఫిబ్రవరి 1 నుంచి ముగ్గురం కోబ్రాలో, అంటే ఉద్యోగం పోయాక పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకునే ఏర్పాటులో ఉన్నాం. అది 2026 జులై 31తో అయిపోతుందని మొన్న కాగితాలు తిరగేస్తే తెలిసింది, కంపెనీ ముందుగా చెప్పనే లేదు. నెలకు 2,140 డాలర్లు. మే వరకు కట్టాను, జూన్‌ది కట్టలేదు. ఎలాగూ అయిపోయేదే కనుక మిగతాది మానేసి, ఒక ఏజెంటు చెప్పిన చవక షార్ట్ టర్మ్ ప్లాన్ (కొద్ది కాలానికే ఇచ్చే ఇన్సూరెన్స్) తీసుకోవచ్చా? నా భార్యకు కీళ్లవాతం, ఇంజెక్షన్లు చాలా ఖరీదు. ఆమె ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది, అక్కడి ఇన్సూరెన్స్ వద్దనుకున్నాం. కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ముప్పాతిక వంతు కంపెనీ మీద కోపమే. వ్యవహారాన్ని తేల్చేది మాత్రం ‘జూన్‌ది కట్టలేదు’ అన్న ముక్క.

కోబ్రా గడువు నిండి ముగిస్తే చట్టం మీకు కొత్త ఇన్సూరెన్స్‌కు దారి తెరుస్తుంది. ప్రీమియం కట్టక రద్దయితే తెరవదు. మీరు ఆగిపోతే కవరేజీ మే 31 నాటికే పోయినట్టు లెక్క. ఆ తర్వాతి బిల్లులన్నీ మీవే. నవంబర్ 1న మార్కెట్‌ప్లేస్‌లో (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వేదిక) ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏటా అందరూ చేరే గడువు మొదలయ్యేదాకా ఆగాలి, అప్పుడు చేరినా కవరేజీ జనవరి 1 నుంచే. 4,280 డాలర్లు మిగుల్చుకోబోయి ఏడు నెలలు ఇన్సూరెన్స్ లేకుండా ఉంటారు.

నెల ప్రీమియానికి 30 రోజుల గ్రేస్ (అదనపు గడువు) ఉంటుంది. జూన్‌ది జూన్ 30 దాటనివ్వకండి. చెక్కు పంపిన తేదీనే కట్టిన తేదీగా లెక్కిస్తారు కనుక సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచండి. జులైదీ అలాగే.

షార్ట్ టర్మ్ ప్లాన్ జోలికి పోవద్దు. అంతకుముందే ఉన్న జబ్బుకు అది పైసా ఇవ్వదు, అంటే మీ ఇంట్లో అవసరమైనదానికే పనికిరాదు. పైగా అది ముగిసినప్పుడు మార్కెట్‌ప్లేస్‌లో చేరే ప్రత్యేక గడువు కూడా రాదు. కమీషన్ వచ్చే మనిషి ఈ సంగతి చెబుతాడా?

గడువు సక్రమంగా ముగిస్తే రెండు దారులు. టెక్సాస్ వాళ్లకు మార్కెట్‌ప్లేస్ అంటే హెల్త్‌కేర్ డాట్ గవ్. జులై 31కి ముందు 60 రోజులు, తర్వాత 60 రోజులు, అంటే జూన్ 1 నుంచి సెప్టెంబర్ 29 దాకా చేరవచ్చు. జులై 31లోగా ప్లాన్ ఎంచుకుంటే ఆగస్టు 1 నుంచి కవరేజీ. ఆగస్టు 5న ఎంచుకుంటే సెప్టెంబర్ 1 నుంచే, ఆగస్టు ఖాళీ. కోబ్రా ముగిసే తేదీ చూపే ఉత్తరాన్ని నిర్వాహకుల దగ్గర ఇప్పుడే అడిగి తీసుకోండి. రుజువు అడిగితే ప్లాన్ ఎంచుకున్నాక 30 రోజుల్లో ఇవ్వాలి.

రెండోది మీ భార్య కంపెనీ ప్లాన్. అక్కడ గడువు 30 రోజులే, ఆగస్టు 30 దాటితే పోయినట్టే. ఆమె చేరినప్పుడు ఇన్సూరెన్స్ వద్దన్నారు కదా, అప్పుడు ‘వేరే కవరేజీ ఉంది’ అని ఫారంలో రాశారా? కంపెనీ అడిగినా రాయకపోతే తర్వాతి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగమనవచ్చు. ఆ ఫారం కాపీ హెచ్‌ఆర్ దగ్గర తెచ్చుకోండి. ఆ కంపెనీ ప్లాన్ మీ ఆదాయానికి భరించదగినదని లెక్క తేలితే మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీ రాదు, ఆ లెక్క ముందే చూసుకోండి.

ఏ దారిన వెళ్లినా డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మీరు భరించే మొత్తం) మళ్లీ సున్నా నుంచే మొదలు, ఇంజెక్షన్‌కు కొత్తగా ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కావాలి. జులైలో రావలసిన డోసు జులైలోనే వేయించండి.

ఇక కేసు. కోబ్రా గడువైన 18 నెలలు నిండేముందు గుర్తుచేయాలని ఫెడరల్ చట్టం కంపెనీని బలవంతపెట్టదు. గడువుకు ముందే ఆపితేనే నోటీసు ఇవ్వాలి. ముగింపు తేదీ మొదట్లో ఇచ్చిన ఎలక్షన్ నోటీసులోనే (కోబ్రా కావాలో వద్దో ఎంచుకోమని పంపే కాగితం) ఉంటుంది, దాన్ని ఇన్నాళ్లూ తెరవకపోవడం మీ నిర్లక్ష్యమే. ఇప్పుడైనా తెరిచి జులై 31 సరైనదో కాదో చూడండి. కొన్ని ప్లాన్లు 18 నెలలను ఉద్యోగం పోయిన రోజు నుంచి లెక్కిస్తాయి, కొన్ని కవరేజీ పోయిన రోజు నుంచి.

పాత కంపెనీని అడగాల్సింది మరొకటి ఉంది: వాళ్ల ప్లాన్ టెక్సాస్‌లో ఇన్సూరెన్స్ సంస్థ జారీ చేసిన పాలసీయా, సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లానా? మొదటిదైతే రాష్ట్ర చట్టం కింద కోబ్రా తర్వాత మరో 6 నెలలు కొనసాగే వీలుంది. రెండోదైతే లేదు. ఈ ప్రశ్న ఫోన్లో కాదు, మెయిల్‌లో అడగండి.