సింగపూర్‌లో వరి వేసి చూశాను, గ్లాసుడు బియ్యం కూడా రాలేదు

"సింగపూర్ తన బియ్యం తనే పండించుకోవచ్చు కదా, మేడల మీదైనా?" అని ఒకరు అడిగారు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, మా ఫ్లాట్ ముందు కారిడార్‌లో ఆరు టబ్బుల్లో వరి కూడా వేశాను. పండుతుంది. కానీ తిండికి ఆనదు.

2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు అందరిలాగే నాకూ టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే అంతకుముందు ఏడాది ఇక్కడికొచ్చిన బియ్యంలో దాదాపు 40 శాతం ఇండియాదే. రెండు బస్తాలు తెచ్చి మంచం కిందకి తోసి, ఆ ఊపులోనే తోటపని చేసే స్నేహితుడి దగ్గర గుప్పెడు వడ్లు అడిగి నానబెట్టాను. నారు బాగా లేచింది, పిలకలూ బాగానే వేసింది. పేచీ అంతా నీళ్లతోనే. వరి అంటే మడిలో నీళ్లు నిలబెట్టడమే తెలుసు మనకి, ఇక్కడేమో నీళ్లు నిలిస్తే డెంగీ దోమ, దోమ లార్వా కనిపిస్తే ఫైన్. తనిఖీకి వచ్చినావిడ టార్చి వేసి ఒక్కో టబ్బులోకీ తొంగిచూసి వెళ్లాక బుద్ధిగా ఆరుతడికి, అంటే నీళ్లు నిలవకుండా అప్పుడప్పుడూ తడపడానికి, మారాను. గింజ పాలు పోసుకునే వేళకి పిట్టలు దిగాయి, మూడో అంతస్తులో వరి ఉందని వాటికెవరు చెప్పారో! తాలు పోగా మిగిలినవి మిక్సీలో తిప్పి ఊక ఊదితే సగం నూకే.

సరదా పక్కనపెట్టి లెక్క చూడండి. జనం సుమారు 60 లక్షలు, మనిషికి ఏడాదికి 50 కిలోలు అనుకున్నా 3 లక్షల టన్నులు కావాలి. హెక్టారుకి రెండు పంటలూ కలిపి 6 టన్నుల బియ్యం వస్తుందనుకుంటే 50 వేల హెక్టార్లు, అంటే 500 చదరపు కిలోమీటర్లు. దేశం మొత్తం కలిపితే 730 పైచిలుకు! ఇళ్లూ ఎయిర్‌పోర్టూ ఎక్కడ పెడతారు? గదిలో అరల్లో పేర్చి లైట్ల కింద పెంచుదామన్నా, ఆకుకూర నెలకి కోతకొస్తుంది, వరి మూడు నాలుగు నెలలు కరెంటు తాగుతుంది. అందుకే ఉన్న కాస్త నేలా ఆకుకూరలకీ కోడిగుడ్లకీ ఇవ్వడమే తెలివైన పనని నా ఉద్దేశం.

బియ్యానికి వీళ్ల ధీమా వేరే. దిగుమతిదారులు రెండు నెలల సరుకు నిల్వ ఉంచాలన్న రూలుంది, కొనేదీ ఒక్క దేశం నుంచి కాదు. ఆ నిషేధంలోనూ మాట్లాడుకుని ఇండియా నుంచి 50,000 టన్నులకి అనుమతి తెచ్చుకున్నారు. అలాగని వరి గురించి పట్టించుకోరనుకోకండి, ఇక్కడి పరిశోధన సంస్థ టెమాసెక్ లైఫ్ సైన్సెస్ లేబొరేటరీ తెగుళ్లని తట్టుకునే 'టెమాసెక్ రైస్' తయారుచేసింది, 2016లో అమ్మకానికీ వచ్చింది. పండించింది మాత్రం ఇండోనేషియాలో.

పిల్లలకి చూపించడానికైతే ఒక్క టబ్బు చాలు. నీళ్లు నిలవనివ్వకండి, కంకి బయటికి రాగానే వల కప్పేయండి.