రెక్క మీది మూత ఊడిపోకుండా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చిన్న విమానాల నిర్వహణ గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఈసారి ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రాకపోకలు సాగే విమానాశ్రయం ఇంకా లేదు. దగదర్తి దగ్గర వస్తుందన్న మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. అయినా ఒంగోలు, కావలి, కందుకూరు వంటి ఊళ్ల నుంచి పైలట్ శిక్షణకూ, విమానాల మెయింటెనెన్స్ చదువుకూ పిల్లలు దూరప్రాంతాలకు వెళుతున్నారు. వాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ అడిగిన ప్రశ్నలివి. అన్నీ ఇంధన ట్యాంకు మూతకు సంబంధించినవే కనుక వాటిని ఒకచోట చేర్చి జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి వేరే రాష్ట్రంలో పైలట్ శిక్షణ పొందుతోంది. ఈమధ్య ఒంటరిగా దూరప్రయాణం చేసి దిగాక చూసుకుంటే కుడి రెక్క మీద ట్యాంకు మూత లేదట, దాని వెనుక రెక్క పొడవునా నీలిరంగు చారలు ఉన్నాయట. ప్రమాదమేమీ జరగలేదు గానీ ఇన్‌స్ట్రక్టరు గట్టిగా మందలించారని బాధపడుతోంది. స్కూటరు ట్యాంకు మూత మరచిపోయినా బండి ఇంటికి చేరుతుంది కదండీ, దీనికింత రాద్ధాంతం అవసరమా? మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయమని చెప్పాలి?
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అమ్మాయి క్షేమంగా దిగినందుకు సంతోషం. అయితే ఇన్‌స్ట్రక్టరు మందలించడంలో తప్పేమీ లేదని మీరు కూడా ఆమెకు చెప్పాలని నా కోరిక. స్కూటరు ట్యాంకు మూతి తెరిచి ఉంటే కుదుపులకు కాస్త పెట్రోలు చిందుతుంది, అంతే. విమానం రెక్క సంగతి వేరు. రెక్క పైభాగం మీదుగా గాలి వేగంగా పోతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. విమానాన్ని పైకి లేపేదే ఆ పీడనాల తేడా. ఇంధనం నింపే మూతి సాధారణంగా రెక్క ముందు అంచుకు దగ్గరగా, అంటే ఆ లాగుడు బలంగా ఉండే చోటనే ఉంటుంది. కనుక మూత లేని ట్యాంకు నుంచి ఇంధనం చిందదు, గాలి దాన్ని పైకి తోడేస్తుంది. శిక్షణలో ఎక్కువగా వాడే నాలుగు సీట్ల సెస్నా 172 ఇంజను గంటకు సుమారు 35 లీటర్లు తాగుతుంది. తెరిచిన మూతి గుండా పోయేది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండవచ్చు. ఈ రకంలో కొత్త విమానాలకు ఒక్కో రెక్కలో వాడుకోదగ్గ ఇంధనం సుమారు 100 లీటర్లు. ఒక రెక్క ఖాళీ అయితే లెక్క వేసుకున్న ప్రయాణంలో సగం పోయినట్లే. మీ అమ్మాయి చూసిన నీలి చారలు ఆ పోయిన ఇంధనం ఆనవాళ్లే: చిన్న విమానాల్లో పోసే పెట్రోలు, అంటే 100ఎల్ఎల్ రకం ఏవ్‌గ్యాస్‌ను గుర్తుపట్టడానికి నీలిరంగు కలుపుతారు, పెట్రోలు ఆవిరైపోయాక ఆ రంగు రెక్క మీద మిగిలిపోతుంది.

మరో చిక్కు కూడా ఉంది. పైపర్ చెరోకీ వంటి విమానాల్లో రెక్క కిటికీకి దిగువన ఉంటుంది కాబట్టి పైలట్ తల తిప్పితే మూత కనిపిస్తుంది. సెస్నాలో రెక్క నెత్తి మీద ఉంటుంది. ఒకసారి సీట్లో కూర్చున్నాక దాని పైభాగం చూసే దారి లేదు. అందుకే తేల్చుకోవలసినదంతా నేల మీదనే తేల్చుకోవాలి.

మూత పోయిందన్న సంఘటనల వెనుక నిర్లక్ష్యం కంటే పని మధ్యలో తెగిపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. బౌజరు (ఇంధనం తెచ్చే ట్యాంకరు) వస్తుంది, ఎర్తింగ్ తీగ తగిలిస్తారు, నింపే మనిషి నిచ్చెన ఎక్కి మూత తీసి పక్కనే రెక్క మీద పెడతాడు, ఒక రెక్క నిండేసరికి ఎవరో కేకేస్తారు, బిల్లు మీద సంతకం కావాలంటారు, రెండో రెక్క వైపు జరుగుతారు. పైలట్ నింపినవాడు మూశాడనుకుంటాడు, నింపినవాడు పైలట్ ఎలాగూ చూసుకుంటాడనుకుంటాడు. ఇద్దరివీ మంచి నమ్మకాలే, వాటి మధ్య మూత రెక్క మీద ఉండిపోతుంది. ఇంకో రకం కూడా ఉంది: మూతను రంధ్రంలో కూర్చోబెడతారు, తిప్పి బిగించరు. కింది నుంచి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, పరుగు అందుకోగానే అది లేచిపోతుంది.

కాబట్టి మీ అమ్మాయికి నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే. మూత మీద చివరి చేయి నడిపేవారిదే కావాలి, అదీ బౌజరు వెళ్లిపోయిన తరువాత. ఇంధనం ఎవరు నింపినా, ఎంత అనుభవజ్ఞులు నింపినా సరే, ఆమె స్వయంగా నిచ్చెన ఎక్కి, మూతను పట్టుకుని, తిప్పిచూసి, పైకి లాగి చూడాలి. కింద నిలబడి కళ్లతో చూడడం తనిఖీ కాదు. ఉంటుందనుకున్న వస్తువు ఉన్నట్టే కళ్లకు తోస్తుంది, వేళ్లను మాత్రం అలా ఏమార్చలేం. ఒక రెక్కలోనే నింపించినా రెండు మూతలూ ముట్టుకోవాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఫోను వస్తే, ఆగిన చోటు నుంచి కాకుండా మొదటి రెక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఇందులో నాకు బాగా నచ్చిన పద్ధతి నిచ్చెనకు సంబంధించినది: డిప్‌స్టిక్‌తో ఇంధనం కొలవడం, మూత బిగించడం, చేత్తో పరీక్షించడం పూర్తయ్యేదాకా నిచ్చెన రెక్క దగ్గరి నుంచి కదలకూడదు, కదిపేది కూడా పైలటే కావాలి. రెక్కకు ఆనించిన నిచ్చెనను చూస్తూ ఎవరూ ఇంజను స్టార్టు చేయరు కదా.

తీసిన మూతను ఎక్కడ పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. చాలా మూతలకు చిన్న గొలుసు ఉంటుంది. అది తెగిపోతే అలాగే వాడుకోకుండా ఇంజనీరుతో మార్పించాలి. సరైన పొడవు గొలుసే వేయించాలి, ఎందుకంటే పొడవు ఎక్కువైతే అది ట్యాంకు లోపలికి వేలాడి గేజ్ ఫ్లోటుకు, అంటే ఇంధనం మీద తేలుతూ గేజ్‌కు మట్టం తెలిపే బుడ్డికి, తగిలే అవకాశం ఉంది. గొలుసు లేని రకమైతే మూతను రెక్క మీద గానీ తోక మీద గానీ పెట్టకుండా పైలట్ సీట్లో పెట్టడం మంచిది; దాన్ని తీయకుండా ఎవరూ కూర్చోలేరు. మూతకూ దాని చుట్టూ ఉన్న అంచుకూ కలిపి ఇంజనీరు అనుమతితో ఒక ఎర్రగీత వేయిస్తే, మూత పూర్తిగా తిరిగినప్పుడే ఆ గీత ఒకే వరుసలో కలుస్తుంది. నిచ్చెన మీద ఉన్నప్పుడు చేతికి తెలిసినదాన్ని కంటితో కూడా రూఢి చేసుకోవచ్చు.

ప్రశ్న: గాలిలో ఉండగా మూత ఊడిపోతే ఫ్యూయల్ గేజ్ చూసి వెంటనే తెలుసుకోవచ్చు కదా? అప్పుడు ఏం చేయాలి?
— శిక్షణలో ఉన్న విద్యార్థి, కావలి

జవాబు: ఇది అందరూ చేసే ఊహే గానీ, ప్రమాదకరమైన ఊహ. కొన్ని విమానాల్లో ట్యాంకు అంటే రెక్క లోపల అమర్చిన రబ్బరు సంచి. మూత పోయినప్పుడు పైనుంచి వచ్చే లాగుడు ఇంధనాన్నే కాక ఆ సంచి అడుగును కూడా పైకి లేపుతుంది. దానితోపాటు ఫ్లోటు కూడా లేస్తుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ అవుతూ ఉంటే గేజ్ నిండుగా ఉన్నట్టు చూపుతుంది. ఆ ముల్లును నమ్ముకుని ప్రయాణం కొనసాగించిన పైలట్‌కు ఇంజను ఆగిపోయేదాకా సంగతి తెలియకపోవచ్చు. కనుక గేజ్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా, బయలుదేరే ముందు డిప్‌స్టిక్‌తో కొలిచిన లీటర్లూ, గడిచిన సమయమూ పక్కపక్కన కాగితం మీద వేసుకోవాలి. గంటన్నర తిరిగినా ఒక ముల్లు కదలలేదంటే దాన్ని అదృష్టంగా కాదు, హెచ్చరికగా తీసుకోవాలి. పెట్రోలు వాసన, రెక్క వెనుక అంచు నుంచి పొగమంచులా కనిపించే తుంపర కూడా గుర్తులే.

ఇంధనాన్ని రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకునే ఏర్పాటు, అంటే సెలక్టరును (ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే మీటను) ‘బోత్’ మీద పెట్టే ఏర్పాటు ఉన్న సెస్నాల్లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాటిలో రెండు ట్యాంకులకూ మధ్య గొట్టాల సంబంధం ఉంటుంది కాబట్టి, మంచి ట్యాంకులోని ఇంధనం కూడా మూత పోయిన వైపుకు జరిగి బయటికి పోవచ్చు. సెలక్టరు ఎటు పెట్టాలన్నది మీరు నడిపే విమానం ఫ్లయిట్ మాన్యువల్ ఏం చెబుతుందో ఇన్‌స్ట్రక్టరుతో కూర్చుని ఇప్పుడే చదువుకోండి, గాలిలో వెతుక్కునే విషయం కాదది. అనుమానం వచ్చిన క్షణం నుంచి గమ్యం మారినట్టే: ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలుకు సంగతి చెప్పి, దగ్గరలో దిగదగ్గ విమానాశ్రయానికి మళ్లాలి. టేకాఫ్ అయిన వెంటనే తెలిస్తే, కంగారుగా తక్కువ ఎత్తులో రెక్కను బాగా వంచి మలుపు తిప్పకుండా, విమానాశ్రయం చుట్టూ మామూలు సర్క్యూట్ తిరిగి దిగాలి. మూత పోయినందువల్ల విమానం ఆ నిమిషంలో పడిపోదు, తొందరపాటు మలుపులో మాత్రం పడిపోవచ్చు.

ప్రశ్న: మాది హైడ్రాలిక్ సీళ్ల దుకాణం. ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) చదువుతున్న మా తమ్ముడు చూపించిన ట్యాంకు మూతలో రబ్బరు రింగు అచ్చం మా దగ్గర దొరికే ఓ-రింగులాగానే ఉంది. అది వేస్తే సరిపోదా?
— దుకాణదారు, నెల్లూరు

జవాబు: సరిపోదండీ. కొలత ఒకటే అయినా రబ్బరు రకం వేరు కావచ్చు. ఏవ్‌గ్యాస్‌లో నానిన సరిపడని రబ్బరు ఉబ్బుతుంది, లేదా ముక్కలు ముక్కలై ట్యాంకులో పడుతుంది. తయారీదారు చెప్పిన పార్టు నంబరుది, తగిన ధ్రువపత్రంతో వచ్చినదే వేయాలి, వేసినట్టు లాగ్‌బుక్‌లో రాయాలి.

అయితే మీ ప్రశ్న ఒక ముఖ్యమైన విషయాన్ని ముందుకు తెచ్చింది. మూత ఊడిపోకపోయినా, దాని సీలు చచ్చిపోతే సగం మూత పోయినట్టే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవైపు అంటారు. ఆ ఎండలో ఆరుబయట నిలిపిన విమానం రెక్క మీద రబ్బరు రింగు ఎంతకాలం మెత్తగా ఉంటుంది? వేలిగోటితో నొక్కితే గుంట పడకుండా గట్టిగా తగిలినా, వంచితే సన్నని పగుళ్లు కనిపించినా మార్చవలసిందే. వేసవిలో ఎండిన ఆ సీలు తన గుణాన్ని అక్టోబరు, డిసెంబరు మధ్య మన తీరానికి వచ్చే ఈశాన్య రుతుపవనాల వానల్లో చూపిస్తుంది. నీరు ట్యాంకులోకి దిగి, పెట్రోలు కంటే బరువైనది కావడంతో అడుగుకు చేరుతుంది, టేకాఫ్ సమయంలో ఇంజనులోకి పోతుంది. అందుకే ప్రతి రోజూ మొదటి ప్రయాణానికి ముందూ, ఇంధనం నింపించిన ప్రతిసారీ కింది డ్రెయిన్ల నుంచి గాజు గొట్టంలోకి కాస్త తీసి చూస్తారు. రెక్క ఉపరితలంతో సమంగా పల్లంలో కూర్చునే మూతలున్న పాత సెస్నాల్లో నీరు దిగే బెడద ఎక్కువ. వాటి స్థానంలో అంచు పైకి లేచి ఉండే గొడుగు మూతలను చాలామంది వేయించుకున్నారు. అది పెట్టిన ఖర్చుకు తగిన మార్పేనని నా అభిప్రాయం.

ప్రశ్న: మూత పోయిన చోట గుడ్డ కుక్కి టేపు చుట్టి, దగ్గరలోని ఊరిదాకా తీసుకెళ్లవచ్చా?
— ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: వద్దు. పెట్రోలు తగిలితే టేపు జిగురు కరుగుతుంది, గుడ్డ బయటికి ఎగిరిపోతుంది లేదా ట్యాంకులో పడి ఇంధనం వెళ్లే దారికి అడ్డుపడుతుంది. ఇంకో విమానం మూత అరువు తెచ్చి పెట్టడం కూడా ఇంజనీరు చూడకుండా చేయవలసిన పని కాదు. కొన్ని మూతల్లో గాలి లోపలికి పోయే చిన్న కవాటం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గాలి రావలసిన ట్యాంకుకు గాలి రాని మూత బిగిస్తే ఇంజనుకు ఇంధనం అందకపోవచ్చు. సరైన మూత వచ్చేదాకా విమానం నేల మీదే ఉండాలి. ఆలోగా రెక్క, తోక మీద మూత తగిలిన సొట్టలున్నాయేమో చూడాలి, ట్యాంకులో దుమ్మూ నీరూ చేరాయేమో డ్రెయిన్ చేసి చూడాలి, జరిగినది లాగ్‌బుక్‌లో రాయించాలి. శిక్షణ సంస్థ స్టోరులో ప్రతి రకానికీ ఒక మూత అదనంగా ఉంచుకోవడం, మూత పైన ఆ విమానం వీటీ నంబరు (వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ గుర్తు) రాయించడం కూడా మంచిది. రన్‌వే తనిఖీలో దొరికిన మూత ఏ విమానానిదో చూడగానే తెలుస్తుంది, ఆ విమానం ఇంకా గాలిలో ఉంటే దాని పైలట్‌కు రేడియోలో చెప్పడానికి వీలవుతుంది.