చివరి పది రోజుల్లో ఫార్మకాలజీ

చిరంజీవి సాహితికి, పెదనాన్న ఆశీస్సులతో రాసేది.

ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పరీక్షకు పది రోజులే ఉన్నాయనీ, పుస్తకం మొదటినుంచీ మళ్లీ చదవడం మొదలుపెట్టి రెండు రోజులైనా ఇంకా అటనామిక్ (మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడుల మీద పనిచేసే) మందుల దగ్గరే ఆగిపోయాననీ నిన్న ఫోనులో చెప్పావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ సబ్జెక్టు బోధించి, జవాబు పత్రాలు దిద్దినవాడిగా నాకు తెలిసినది నిదానంగా చదువుకుంటావని ఉత్తరంగా పంపుతున్నాను.

ముందుగా, ఆ పుస్తకాన్ని వరుసగా చదవడం ఈరోజే ఆపెయ్యి. ఒకసారి చదివిన పేజీని మళ్లీ చదివితే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది గానీ, పరీక్ష హాలులో ఆ పేజీ ఎదురుగా ఉండదు. ఒక తెల్లకాగితం తీసుకుని పైన ఒక మందుల వర్గం పేరు రాసి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా నీలి సిరాతో రాయి. ఆ తరువాతే పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర సిరాతో చేర్చు. పరీక్ష ముందురోజు నువ్వు చూడవలసింది ఆ ఎర్ర అక్షరాలను మాత్రమే.

రాసేటప్పుడు ఉపయోగాలను ఒక జాబితాగా, దుష్ప్రభావాలను మరొక జాబితాగా బట్టీపట్టవద్దు. మందు ఎక్కడ, ఎలా పనిచేస్తుందో మొదటి వాక్యంలో రాస్తే, మిగిలినవి చాలావరకు దానినుంచే పుడతాయి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి వెళ్లి విషమెక్కడాన్నే తీసుకో. మన వ్యవసాయ జిల్లాల్లో ఏ ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ చేసినా ఈ రోగి నీకు ఎదురవుతాడు కనుక, దీన్ని మార్కుల కోసమే కాక ఆ రోగి కోసం కూడా నేర్చుకో. నాడుల సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టేది ఎసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్ ఎంజైము; ఆ పురుగుమందు దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది. మస్కరినిక్ గ్రాహకాల దగ్గర దాని ఫలితంగా చొంగ, కన్నీరు, చెమట, ఊపిరితిత్తుల్లో స్రావాలు పెరుగుతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, నాడి మందగిస్తుంది. నికోటినిక్ గ్రాహకాల దగ్గర కండరాలు అదిరి, తరువాత చచ్చుబడతాయి. అట్రోపిన్ మస్కరినిక్ లక్షణాలనే అణచగలదు కనుక, ఊపిరితిత్తుల్లో స్రావాలు తగ్గి నాడి పుంజుకునేవరకు ఇస్తూ పోయినా కండరాల బలహీనత దానితో తగ్గదు. ప్రాలిడాక్సిమ్ ఎంజైమును విడిపిస్తుంది, కానీ ఆ బంధం ముదరకముందే ఇవ్వాలి. కార్బమేట్లనే మరో రకం పురుగుమందుల్లో ఎంజైము తనంతట తానే కోలుకుంటుంది కనుక సాధారణంగా దాని అవసరం ఉండదు. ఇంత రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించిన ఎగ్జామినరును నేను చూడలేదు.

క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఇలాంటిదే. 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషితో వచ్చిన మందు కనుక నాకు దానిమీద కొంత మమకారం కూడా ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని కణవిభజనకు పనికొచ్చే రూపంలోకి మార్చే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజు ఎంజైమును అది అడ్డుకుంటుందని గుర్తుంటే, త్వరగా విభజన చెందే ఎముక మజ్జ, నోటిపొర ఎందుకు దెబ్బతింటాయో, విరుగుడుగా ఫోలిక్ ఆమ్లం కాక ఫోలినిక్ ఆమ్లమే ఎందుకు ఇస్తామో వేరుగా గుర్తుపెట్టుకోనక్కర లేదు.

ఇక రోజుల పంపకం. మొదటి ఆరు రోజుల్లో కీమోథెరపీకి (సూక్ష్మజీవులకూ క్యాన్సర్‌కూ వాడే మందులు) రెండు రోజులు, అటనామిక్, గుండె, రక్తపోటు మందులకు కలిపి రెండు, నాడీవ్యవస్థకు ఒకటి, హార్మోన్లకూ జనరల్ ఫార్మకాలజీకీ కలిపి ఒకటి ఇవ్వు. ఆ తరువాతి మూడు రోజులు మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, రోజుకు కనీసం ఒక పెద్ద ప్రశ్న గడియారం చూసుకుంటూ పూర్తిగా రాయి. తెలిసిన ప్రశ్నకే సమయమంతా ఖర్చుచేసి చివరి చిన్న ప్రశ్నలు వదిలేసినవాళ్ల పత్రాలు ప్రతి ఏడూ నా చేతికి వచ్చేవి. పదవ రోజు ఎర్ర సిరా కాగితాలకు ఉంచు.

డోసులన్నీ గుర్తుపెట్టుకోవాలని ప్రయత్నించకు. అనాఫిలాక్సిస్‌లో (ప్రాణాంతకమైన అలర్జీ) పెద్దవాళ్లకు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, వైవాక్స్ మలేరియాలో ప్రైమాక్విన్ 14 రోజులు (దానికి ముందు, ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పీడీ ఎంజైము లోపం ఉందేమో చూడాలన్న మాటతో సహా), క్షయకు నాలుగు మందులు రెండు నెలలు, పిరజినమైడ్ ఆపి మూడు మందులు నాలుగు నెలలు, ఇలాంటి తప్పక తెలిసి ఉండవలసిన అంకెలు ఒకే కాగితం మీద పట్టేటన్ని చాలు. ప్రిస్క్రిప్షన్ రాయమంటే మందు జనరిక్ పేరును పెద్ద అక్షరాలతో రాయి.

నిద్ర సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. నేను రెండో సంవత్సరంలో ఉండగా పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ చదివి, మర్నాడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌కు విరుగుడు ప్రోటమిన్ అని రాశాను. అది అలాంటిదే మరో మందు హెపారిన్‌కు విరుగుడనీ, వార్ఫరిన్‌కు విటమిన్ కె ఇవ్వాలనీ నాకు అంతకు నెల ముందే తెలుసు. ఆ పత్రం ఇచ్చేసి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాక గుర్తుకొచ్చింది. అందుకే చెబుతున్నాను, రాత్రి పదకొండు దాటాక దీపం ఆర్పేయి.

మొదటి పేపరు రాసి వచ్చాక స్నేహితులతో జవాబులు పోల్చుకోవద్దు. భోజనం చేసి, ఒక గంట పడుకుని, రెండో పేపరు కాగితాలు తీయి. వైవా తేదీ ఖరారు కాగానే నాకు చెప్పు, దానికి ఎలా సిద్ధపడాలో మరో ఉత్తరం రాస్తాను. అమ్మను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న