మోకాలి కింద దిండు పెట్టకండి

అమ్మగారికి ఎడమ మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిందని, ఎల్లుండి ఇంటికి పంపిస్తామంటున్నారని, చూసుకోవడానికి ఇంట్లో మీరొక్కరే ఉన్నారని రాశారు. ఇంట్లో ఏమేమి సిద్ధం చేసుకోవాలి, పథ్యం ఎన్నాళ్లు, కాలికి ఎంత విశ్రాంతి ఇవ్వాలి అని అడిగారు. నేను డాక్టరును కాను. 2019లో మా అమ్మకు కుడి మోకాలు మార్చినప్పుడు ఆరు వారాలు దగ్గరుండి చూసుకున్నవాణ్ణి. మీ డాక్టరు చెప్పినదానికీ నేను చెప్పేదానికీ ఎక్కడైనా తేడా వస్తే ఆయన మాటే వినండి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఇంటికి వచ్చిన రాత్రి, కాలు చాపితే లాగేస్తోందని అమ్మ మూలిగింది. బీరువా మీదున్న దూది దిండు తీసి మోకాలి కింద పెట్టాను. "హమ్మయ్య, ప్రాణం లేచివచ్చింది" అంది. ఇక ఆ దిండు అక్కడే ఉండిపోయింది. పదో రోజున ఫిజియోథెరపిస్టు వచ్చి, దిండు పక్కన పడేసి, కాలు చాపమని మోకాలి వెనక నుంచి తన అరచేయి దూర్చాడు. చేయి ఎక్కడా తగలకుండా అవతలికి వచ్చేసింది. "ఈ సందు మూసుకుపోవాలండీ, లేకపోతే అమ్మగారు ఎప్పటికీ కాలు వంచుకునే నడుస్తారు" అన్నాడు. ఈ మాట ఆసుపత్రిలోనూ చెప్పే ఉంటారు. బిల్లులు, మందుల సంచుల హడావిడిలో నా చెవికి ఎక్కలేదు.

ఆపరేషన్ చేసిన మోకాలు మానుతున్నకొద్దీ బిగుసుకుంటుంది. ఎక్కువసేపు ఎలా ఉంచితే అలాగే బిగుసుకుంటుంది. అందరూ మోకాలు ఎంత వంగుతోందని అడుగుతారు గానీ పూర్తిగా చాపగలుగుతోందా అని అడగరు. దిండు, లేదా గట్టిగా చుట్టిన తువ్వాలు, మడమ కింద పెట్టండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు, దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. మేము పూటకు పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగు సార్లు చేయించాం. అమ్మ నన్ను తిట్టని పూట లేదు. మూడో వారం ముగిసేసరికి అరచేయి దూరలేదు.

విశ్రాంతి సంగతీ ఇలాంటిదే. మన ఇళ్లలో ఆపరేషన్ అంటే నెల రోజులు మంచం దిగనివ్వరు. ఈ ఆపరేషన్‌కు అది పనికిరాదు. ఆసుపత్రిలోనే మర్నాటికల్లా వాకర్‌తో నడిపించి ఉంటారు కదా, ఇంట్లోనూ గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత రెండో కాలు. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరం బిగించి ఐదు లెక్కపెట్టి వదలడం, మడమను మంచం మీద వెనక్కి జరుపుతూ మోకాలు వంచడం ఇంట్లో చేయించాల్సినవి. దుప్పటి మీద మడమ జరగక అమ్మ అవస్థపడుతుంటే, మడమ కింద ఒక పాలిథిన్ సంచి వేశాం. నున్నగా జరిగింది. రెండు వారాలకు మోకాలు 90 డిగ్రీలు వంగాలని ఫిజియోథెరపిస్టు లక్ష్యం పెట్టాడు, అమ్మకు మూడు వారాలు పట్టింది. నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంటో ముప్పావుగంటో ముందు పడేలా వేళలు సర్దుకోండి. నొప్పిని ఓర్చుకోవడం గొప్ప అనుకుని మాత్ర మానేసేవాళ్లుంటారు, మా అమ్మ ఆ బాపతే. మాత్ర మానేసిన రోజు వ్యాయామమూ మానేసింది.

ఇక పథ్యం. పరామర్శకు వచ్చినవాళ్లు పండ్లతోపాటు నిషేధాల జాబితా కూడా తెస్తారు. పప్పు తింటే చీము పడుతుందన్నారు ఒకరు. వంకాయ దురద, గోంగూర వాతం, పెరుగు జలుబు, గుడ్డు వేడి. అన్నీ పాటిస్తే మిగిలేది బీరకాయ కూర, నేతిలో కారప్పొడి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు, చీము క్రిముల వల్ల పడుతుంది. గాయం మానడానికి, తొడ కండరం మళ్లీ రావడానికి మాంసకృత్తులు కావాలి. అవి ఉన్నది వీళ్లు వద్దన్న పప్పు, గుడ్డు, పెరుగులోనే. డాక్టరు నోటితో చెప్పించేదాకా అమ్మ వినలేదు, ఆయనకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. పప్పు ఒప్పుకుంది, వంకాయ మాత్రం మూడు నెలలు ముట్టలేదు. దానివల్ల నష్టమేమీ లేదు కనుక నేనూ వాదించలేదు. మీ అమ్మగారికి షుగర్ ఉంటే మాత్రం పరీక్ష తప్పించకండి, షుగర్ అదుపు తప్పితే గాయం మానదు. కొన్ని నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి, ఆ బాధ ముందు మోకాలి నొప్పి ఏపాటిది అనిపిస్తుంది. నీళ్లు, మజ్జిగ, ఆకుకూర మొదటి రోజు నుంచే ఇవ్వండి, ఈసబ్‌గోల్ వాడవచ్చేమో డాక్టరును అడగండి.

నూనె మర్దన గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఆరో రోజున మా పెద్దమ్మ ఊరి నుంచి నువ్వుల నూనె సీసాతో దిగింది. "పిక్కలు పట్టేసి ఉంటాయి, కాస్త రాసి పెడతాను" అంది. ఈ ఆపరేషన్ తర్వాత పిక్కలోని రక్తనాళంలో గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం పలుచబడే మందు ఇచ్చేది అందుకే, ఒక్క పూట కూడా తప్పకూడదు. పిక్కను పిసకనివ్వకండి. మా పెద్దమ్మ అలిగింది, నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. వేడి కాపడమూ వద్దు. వాపుకు ఐసు ముక్కలు సంచిలో వేసి, తువ్వాలు చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. కట్టు తడవకుండా చూసుకోండి.

ఐదో రోజున కాలు తొడ నుంచి చీలమండ దాకా నీలంగా కమిలిపోతే రాత్రి పదకొండుకు డాక్టరును లేపాను. లోపల కారిన రక్తం కిందికి దిగుతుందట, మామూలేనట. మోకాలు వెచ్చగా ఉండటం, నడుస్తుంటే లోపల టక్‌మని చప్పుడు రావడం, గాటుకు బయటి పక్క చర్మం మొద్దుబారడం కూడా అలాంటివే, నెలల తరబడి ఉంటాయి. ఆగకుండా వెళ్లాల్సినవి వేరు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, జ్వరం 100.4 దాటినా, గాటు నుంచి చీము గానీ ఆగని తడి గానీ వచ్చినా, ఎరుపు పాకుతున్నా, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా అదే రోజు చూపించండి. ఆయాసం, గుండెల్లో నొప్పి అయితే ఫోన్ చేసి సలహా అడుగుతూ కూర్చోకండి, 108కి చేయండి.

ఇంట్లో మీరు ముందు చూసుకోవాల్సింది గడపలు. మా పాత ఇంట్లో గడప నాలుగు అంగుళాలు, వాకర్ దాని మీద తట్టుకుని అమ్మ ఒకసారి తూలింది. ఏ గది నుంచి స్నానాల గదికి వెళ్లే దారిలో గడప అడ్డం రాదో ఆ గదిలో మంచం వేయండి. కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయండి. కమోడు లేకపోతే కుర్చీ కమోడు అద్దెకు దొరుకుతుంది. పీటలు, నేల మీద కూర్చోవడం మర్చిపోవాలి. కుర్చీ ఎత్తుగా, చేతులున్నది కావాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

మూడో వారంలో ఒక రాత్రి అమ్మ "ఎందుకు చేయించుకున్నానురా" అని ఏడ్చింది. మొదటి వారాల్లో నిద్ర సరిగా పట్టదు. మీకూ పట్టదు. రాత్రి రెండు గంటలకు టీ పెట్టుకుని ఇద్దరం పాత సంగతులు చెప్పుకునేవాళ్లం.

ఎల్లుండి బయలుదేరే ముందు మందుల చీటీలో ఏ మందు ఎందుకో, ఎన్నాళ్లో తెలుగులో రాయించుకోండి. కుట్లు తీసే తేదీ (మాకు పద్నాలుగో రోజు), ఫిజియోథెరపిస్టు నంబరు కూడా. కారులో ముందు సీటు వీలైనంత వెనక్కి జరిపి, కాస్త వాల్చి ఉంచండి. అమ్మగారు సీటు వైపు వీపు పెట్టి, దాని మీద కూర్చున్నాక కాళ్లు ఒక్కొక్కటీ లోపలికి తీసుకోవాలి. సీటు మీద ఒక ప్లాస్టిక్ సంచి పరిస్తే ఒళ్లు సులువుగా తిరుగుతుంది, బండి కదిలే ముందు దాన్ని లాగేయండి.