పట్టిన మాట సరే, అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతారు?

కదిరి దగ్గర పల్లె నుంచి ఒక అన్న 4 పేజీల ఉత్తరం రాశారు. (2022లో జిల్లా మారింది గానీ ఆయన కవరు మీద అనంతపురం జిల్లా అనే ఉంది, మాకూ నోటికి అదే వస్తుంది.) వయసు 52. 11 ఏళ్ల కింద అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు, బోరు మాత్రం ఉమ్మడి, ఒకరోజు నీది ఒకరోజు నాది. చెనిక్కాయ (వేరుశనగ) ఊడలు దిగే టైములో ఈయన వంతు రోజున తమ్ముడు నీళ్లు తన చేనుకు తిప్పుకున్నాడు, ఈయన పంట ఎండింది. ఆ కోపంలో రచ్చకట్ట మీద పదిమంది ముందర "వాని గడప తొక్కితే నేను మా నాయనకు పుట్టినోన్నే కాదు" అనేశారు. ఆ మాట మీదే ఉన్నారు ఈ రోజుకీ. తమ్ముడు తర్వాత కదిరిలో ఇల్లు కట్టుకున్నాడు, గృహప్రవేశానికి కూడా ఈయన పోలేదు. ఇప్పుడు తమ్ముని కూతురి పెళ్లి. పోదామని భార్య అంటోంది. అనంతపురంలో ఎమ్మే ఇంగ్లీషు చదివే కూతురు ఐతే చుట్టాల ముందరే ఒక ఇంగ్లీషు మాట అనేసిందంట, అర్థం అడిగితే "తెలివిలేని పట్టుదల చిన్న మనసులకు పట్టిన దయ్యం నాయనా" అనిందంట. ఆయన అడిగేది రెండు ముక్కలు: ఆ సామెతకు అసలు అర్థమేమి, పెద్దోళ్లను అట్లా అనే పిల్లను ఎట్లా దారిలో పెట్టాలి.

అన్నా, రెండోదానికి ముందు చెప్పేస్తా. చుట్టాల ముందర అనడం తప్పే, ఇంట్లో పక్కకు పిలిచి చెప్పాల్సింది. అంతే, ఆ పిల్ల సంగతి అయిపోయింది, దాని మీద ఇంకొక్క లైను కూడా నేను రాయను.

ఇక ఆ మాట. అది సామెత కాదు, ఎమర్సన్ అనే అమెరికా ఆయన 1841లో అచ్చేసిన సెల్ఫ్ రిలయన్స్ అనే వ్యాసంలోది. చెప్పేటప్పుడు చాలామంది 'తెలివిలేని' అన్న మాట వదిలేసి, మాట మీద నిలబడేవాళ్లందరూ చిన్న బుర్రోళ్లే అన్నట్టు చెప్తారు, మీ కూతురు వదల్లేదు, అక్కడ బాగా చదువుకుందనే నాకనిపించింది. ఆయనేమీ పూటకో మాట మార్చమని చెప్పలేదు. అంతకుముందు ఆయన బోస్టన్‌లో చర్చి పాస్టరుగా ఉండేవాడు, ప్రభువు బల్ల (చర్చిలో ఏసు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం) ఆచారం మీద తనకు నమ్మకం పోయాక మనసులో లేనిది చేతుల్తో చెయ్యలేనని 1832లో ఆ పదవే వదులుకున్నాడు. అట్లాంటి మనిషి చెప్పే మాటకు బరువుంటుంది. మనం పాత మాటనే ఎందుకు పట్టుకుని వేలాడతామంటే, మనల్ని లెక్కగట్టడానికి ఊరికి మన పాత పనులు తప్ప వేరే ఆధారం లేదు, వాళ్లను నిరాశపెట్టడానికి మనకు మనసొప్పదు, అదీ ఆయన చెప్పేది. ఎప్పుడో ఏదో చోట నలుగురి ముందర అన్నదానికి ఎదురు పోతామేమో అని ఆ జ్ఞాపకం శవాన్ని ఎందుకు ఈడ్చుకు తిరుగుతారు అని కూడా అడుగుతాడు. నాకైతే అది చదివినప్పుడు మీ రచ్చకట్టే కనిపించింది.

మీరు వేమన పద్యం రాశారు, పట్టి విడువరాదు అని. మీకు వేమన పరాయివాడు కాదు, ఆయన సమాధి ఉన్న కటారుపల్లె మీ కదిరి పక్కనే కదా. కానీ ఆ పద్యం మొదలయ్యేది "పట్టుపట్టరాదు" అని. ఆ ముక్క మీ ఉత్తరంలో లేదు. బిగించి పట్టుకునే ముందు అది పట్టుకోదగ్గదా కాదా చూసుకోమనే కదా ఆ మొదటి మాట. మీరు పట్టుకున్నది ఏమి? ఒక బోరు. ఆ బోరు ఏమైందో మూడో పేజీలో మీరే రాశారు, 7 ఏళ్ల కింద ఎండిపోయింది, పైన బండ మూసినాము అని. గొడవకు కారణమైన నీళ్లే లేవు అన్నా, ఇంకా వంతు ఎవరిదని.

ఇంకోటి. మీరు సేద్యగాడు. ఏడాది మొత్తమ్మీద 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే సీమలో సేద్యం చేసేవాడు. ముంగారు జూన్‌లో రాలేదు, జూలై పోయింది, ఆగస్టులో కూడా అదును దొరకలేదనుకోండి, చెనిక్కాయ విత్తనం మూట పక్కన పెట్టి ఉలవలు చల్లరా? ఉగాదినాడు చెనిక్కాయ వేస్తానన్నా కాబట్టి దుమ్ములోనైనా సరే చెనిక్కాయే వేస్తానంటారా? అట్లా చేసేవాణ్ణి మాటమీద నిలబడే మనిషి అనరు కదా మీ ఊర్లో. పొలానికిచ్చే ఆ కాస్త అదును తోడబుట్టినోనికి ఇవ్వలేదు మీరు.

నాదీ ఒకటి చెప్తా. కొన్నేళ్ల కింద ఇదే శీర్షికలో, అత్తగారింట్లో ఎంత కష్టమైనా ఆడపిల్లే సర్దుకోవాలి అని గట్టిగా రాశాను. తర్వాత తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివి చదివి, అది తప్పని తెలిసి వేరేగా రాశాను. ఒకామె ఆ రెండూ కత్తిరించి ఒకే కాగితానికి అంటించి పంపింది, పాతదాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి "ఇది చదివే నేను 3 ఏళ్లు ఓర్చుకున్నా, ఇప్పుడు ఏది నమ్మాలి" అని. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. గాంధీగారు 1933లో హరిజన్ పత్రికలో రాశారు, నా రెండు రాతలకు పొంతన లేదనిపిస్తే, నా తెలివి మీద ఇంకా నమ్మకముంటే తర్వాత రాసినది తీసుకోండి అని. నేనూ ఆమెకు అదే రాశా, క్షమించమని కూడా రాశా. సిగ్గనిపించింది, నిజమే. కానీ పాత మాటే కరెక్టని నిలబడుంటే ఇంకెంతమంది ఓర్చుకుంటూ కూర్చునేవాళ్లో.

సరే అన్నా, ఇప్పుడు అసలు సంగతికి వస్తా. మీ ఉత్తరంలో తమ్ముడు ఉన్నాడు, కూతురు ఉంది, భార్య ఉంది, బోరు ఉంది, అమ్మ మాత్రం ఒక్క లైనులో ఉంది. "అమ్మ వాని దగ్గరే ఉంటుంది, 76 ఏళ్లు, మోకాళ్లు రావు, బస్సెక్కి మా ఊరికి రాలేదు, నేనేం వదిలేయలేదు, నెలకోసారి కదిరి గుడి దగ్గర చూసి ఖర్చులకు ఇచ్చి వస్తా, తను ఓళిగలు చేసి తెస్తుంది." ఈ లైను నేను ఎన్నిసార్లు చదివానో. మోకాళ్లు రాని మనిషి ఆటో ఎక్కి, దిగి, నరసింహస్వామి గుడి దగ్గర కూర్చుని కొడుకు కోసం చూస్తోంది. పొయ్యి దగ్గర నిలబడి పూర్ణం రుబ్బి, ఓళిగలు కాల్చి, డబ్బాలో పెట్టి, మూత మీద గుడ్డ కట్టి తెస్తోంది, ఎందుకంటే కొడుకు తన ఇంటికి వచ్చి తినడు. ఆ ఒట్టు మీరేశారు, మోసేది మాత్రం ఆమె. మీరు నాయన పేరు మీద ఒట్టేశారే, ఆ నాయన పెళ్లామన్నా ఆమె.

మీ ఇంట్లో సమస్య మీ కూతురి నోరు కాదు, మీ తమ్ముడు కూడా కాదు. కన్నతల్లిని చుట్టంలాగా బయట కలిసి పంపించడం. నాకు దీంట్లో మెత్తగా మాట్లాడటం చేతకాదు. కొడుకు చెయ్యాల్సిన పనులు చాలా ఉండొచ్చు, అమ్మ ఉన్న గదిలోకి పోయి ఆమె మంచం మీద కూర్చోవడం వాటిల్లో మొదటిది, 500 నోటు చేతిలో పెట్టి బస్సెక్కితే అది తీరదు. ఆత్మగౌరవం అని రాశారు మీరు. నేనూ ఆత్మగౌరవం గట్టిగా పట్టించుకునే మనిషినే, కానీ ముసలామె మోకాళ్ల మీద నిలబెట్టుకునేదాన్ని ఆ పేరుతో పిలవలేను.

తమ్ముడు చేసింది తప్పే, పంట పోయిన బాధ చిన్నది కాదు, దాన్ని మర్చిపోమని నేను అడగను. క్షమించాక పోదాం, వాడు ఒప్పుకున్నాక పోదాం అని మాత్రం కూర్చోవద్దు, ఆ లోపల ఏమైనా అయితే మీరు ఆ గడప తొక్కే రోజు వేరేగా ఉంటుంది, అది నేను రాయలేను. పైగా వాడు పత్రిక తెచ్చి మీ అరుగు మీద పెట్టి పోయాడని మీరే రాశారు, మీ గడప దాకా వచ్చినట్టే.

పెళ్లి దాకా ఆగకండి. పెళ్లిలో మీరు వచ్చారా రాలేదా అని నలుగురూ చూస్తుంటారు, మళ్లీ అదే రచ్చకట్ట అవుతుంది. మామూలు రోజు పోండి, మంగళవారమో బుధవారమో, పొద్దున బస్సుకు. ఈ నెల అమ్మ ఫోన్ చేసి గుడికి ఎప్పుడు రమ్మంటావు అని అడిగితే నువ్వు రావద్దు, నేనే ఇంటికి వస్తున్నా అని చెప్పండి. వాకిట్లో ఎవరూ పలకరించకపోయినా చెప్పులు విడిచి లోపలికి పోండి. ఆ ఇంట్లో ఆమె మంచం ఏ గదిలో వేశారో మీకు తెలియదు కదా, ఎవరినైనా అడగండి. తమ్ముడు ఎదురైతే వాన్నే అడగండి.