అన్నం పచ్చగా ఉందంటే

చిట్టితల్లీ,

మీ నాన్నని బెంగళూరు తీసుకెళ్ళి నీ దగ్గరే పెట్టుకుంటున్నావని మీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు వంటింట్లోనే కూర్చుండిపోయాను. మా చెల్లి ఉంటే ఎంత మురిసిపోయేదో. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఇన్నిటి మధ్య గుండె జబ్బు మనిషిని తెచ్చుకుంటున్నావు. గర్వంగా ఉంది తల్లీ. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి లైటేసుకుని, నువ్వు వాట్సాప్‌లో పంపిన మందుల చీటీ మళ్ళీ చూశాను. గుండెకి డిగాక్సిన్, ఒంట్లో నీరు తీసే లాసిక్స్, ఆల్డాక్టోన్, కొత్తగా గుండె వేగం తగ్గించే ఇవాబ్రాడిన్. అందుకే ఈ ఉత్తరం.

రోజూ పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టు. ఉప్పు తగ్గించు. మాత్రలు స్ట్రిప్పుల్లోంచి తీసి ఒకే డబ్బాలో కలిపెయ్యకు. డిగాక్సిన్ వారానికి ఐదు రోజులే రాశారు, శని ఆదివారాలు లేదు. ఆ రెండు రోజులూ క్యాలెండర్లో కొట్టేసి ఉంచు. ఇవన్నీ డాక్టరు గారూ చెప్పే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది కళ్ళ గురించి.

మా మావయ్యగారు నీకు గుర్తుండరు, అప్పటికి నీకు ఆరేళ్ళు. ఆయనా డిగాక్సిన్, లాసిక్స్ వాడేవారు. అది రోహిణీ కార్తె. నాలుగు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గాయి. తర్వాత ఒక మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "అమ్మాయ్, అన్నంలో పసుపు పడిందా? పచ్చగా ఉందే" అన్నారు. లేదండీ, మల్లెపువ్వులా ఉంది కదా అన్నాను. సగం తిని లేచిపోయారు. మర్నాడు పంచె చూపించి ఇదీ పచ్చబడిందన్నారు. నేను నిజమే అనుకుని, నీలిమందు వెయ్యడం మానేశావా అని బట్టలుతికే ఆవిడ మీద ఎగిరాను. ఆవిడ ఆ పంచెని ఎండలో పట్టుకుని, "తెల్లగానే ఉందమ్మా, చూడండి" అంది. తెల్లగానే ఉంది. అయినా నాకు బుర్ర వెలగలేదు.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారే, ఆ మాట గుర్తొచ్చింది నాకు. ఆయన్ని వీధరుగు మీద కూర్చోబెట్టి కింది రెప్ప లాగి చూశాను. కళ్ళు తెల్లగానే ఉన్నాయి. కామెర్లు లేవు, హమ్మయ్య అనుకున్నాను. అన్నం సగానికి తగ్గించారు, వాంతి వచ్చేలా ఉందన్నారు. ఎండకి అనుకున్నాను. మూడో రోజు మళ్ళీ అన్నం రంగు మాట ఎత్తితే, "డ్యూటీ చేసొచ్చి వండి పెడుతున్నా, రోజూ ఏదో ఒక వంక పెడితే ఎలాగండీ" అని విసుక్కున్నాను. తర్వాత ఆయన ఇక ఆ మాట ఎత్తలేదు. శుక్లాలేమోలే, వచ్చే నెల కంటి డాక్టరుకి చూపిద్దామని నేనూ ఊరుకున్నాను.

రోజూ రెండు పూటలా మాత్ర నా చేత్తోనే ఇచ్చాను. ఆ రోజుల్లో నేను మెడికల్ వార్డులో నర్సుగా ఉన్నాను. అక్కడ డిగాక్సిన్ ఇచ్చే ముందు ప్రతి రోగికీ నిమిషం పాటు నాడి పట్టుకుని లెక్కపెట్టేదాన్ని. అరవై కంటే తక్కువుంటే మాత్ర ఇవ్వకుండా డాక్టరుకి చెప్పాలి, మాకు మొదటి ఏడాదే నేర్పుతారు. ఇంట్లో ఒక్కరోజు కూడా ఆయన మణికట్టు పట్టుకోలేదు. ఆరో రోజు పెరట్లో కళ్ళు తిరిగి కూలబడ్డారు. అప్పుడు పట్టుకున్నాను. నలభై రెండు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న కుర్రాడు. మందుల చీటీ చూశాడు, "తాతగారూ, నా కోటు ఏ రంగు?" అని అడిగాడు. "లేత పసుపు బాబూ" అన్నారు మావయ్యగారు. ఆ కుర్రాడు నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. మాత్ర ఆపి, రక్తపరీక్షకి పంపి, సెలైన్ పెట్టి, పొటాషియం ఎక్కించారు. విరేచనాలతో ఒళ్ళెండి కిడ్నీలు మందగించాయి. డిగాక్సిన్ బయటికి పోయేది ఎక్కువగా మూత్రంలోనే, అది లోపలే పేరుకుపోయింది. పైగా లాసిక్స్ పొటాషియాన్ని లాగేస్తుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ గుండెని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గుండె కండరం కణాల్లో సోడియం, పొటాషియాల్ని అటూ ఇటూ తోసే పంపు ఒకటుంది, డిగాక్సిన్ అణిచిపెట్టేది దాన్నే. అలాంటిదే కంట్లో రంగుల్ని పట్టే కణాల్లోనూ ఉంది. అందుకే మందు ఎక్కువైతే పసుపు, ఒక్కోసారి ఆకుపచ్చ, దీపాల చుట్టూ వలయాలు.

ఇదేమన్నా కొత్త సంగతా? ఈ మందు పుట్టిన ఫాక్స్‌గ్లోవ్ మొక్క గురించి విలియం విథరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1785లోనే పుస్తకం రాశాడు. మోతాదు మించితే వస్తువులు ఆకుపచ్చగానో పసుపుగానో కనిపిస్తాయని అందులోనే ఉంది. నేను పరీక్షలో రాసిన జవాబు అది. ఇంగ్లీషులో రాశాను, మావయ్యగారు తెలుగులో చెప్పేసరికి పోల్చుకోలేకపోయాను.

వారం దాటాక రంగులు సర్దుకున్నాయి. ఇంటికొచ్చాక అడిగాను, మళ్ళీ ఎందుకు చెప్పలేదండీ అని. "నీ వంటకి వంక పెడుతున్నానని బాధపడుతున్నావు కదమ్మా, అందుకని" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

నువ్వు అచ్చం నాలాంటిదానివి. పని నెత్తిన పడితే గొంతు లేస్తుంది. మీ నాన్న కూతురింట్లో ఉన్నానన్న మొహమాటంతో సగం మాటలు మింగేస్తాడు. అన్నం బాగోలేదన్నా, టీవీ రంగు మారిందన్నా, కూర సహించట్లేదన్నా దెబ్బలాడకు. ముందు నాడి చూడు. శుక్లం ఏళ్ళ తరబడి మెల్లగా కమ్ముతుంది. రెండు మూడు రోజుల్లోనే రెండు కళ్ళకీ రంగు మారితే, ఆకలి కూడా పోతే, ఆ పూట డిగాక్సిన్ వెయ్యకుండా వెంటనే గుండె డాక్టరుకి ఫోన్ చెయ్యి. కళ్ళు తిరిగినా, నాడి బాగా తగ్గినా ఫోన్లతో కాలయాపన చెయ్యకు, ఆస్పత్రికి తీసుకెళ్ళు. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు కూడా డాక్టరుని అడక్కుండా మాత్రలు ఇవ్వకు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉందని ఎవరో చెబితే రోజూ తాగించెయ్యకు. ఆల్డాక్టోన్ పొటాషియాన్ని పెంచుతుంది, అదీ ప్రమాదమే. పరీక్ష చేయించి డాక్టరు గారు చెప్పినట్టు చెయ్యి.

ఇవాబ్రాడిన్ గురించి అంత భయం లేదు. అది వేసుకునేవాళ్ళలో నూటికి పద్నాలుగు మంది దాకా వెలుగు మరకలు, మెరుపులు చూస్తారు, ముఖ్యంగా చీకట్లోంచి ఒక్కసారి వెలుతురులోకి వచ్చినప్పుడు. చాలామందికి మొదటి రెండు నెలల్లోనే మొదలవుతుంది, మెల్లగా దానంతటదే తగ్గుతుంది. నా భయమల్లా రాత్రి బాత్రూముకి లేచి, లైటేసి, ఆ మెరుపుకి తూలిపడతాడేమోనని. వసారాలో రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వు. చీకటి పడ్డాక స్కూటర్ తాళాలు దాచెయ్యి, కోప్పడినా సరే. కానీ ఒకే కంట్లో మెరుపులొచ్చి, నల్ల చుక్కలు తేలి, తెర దిగినట్టుంటే అది మందు పని కాకపోవచ్చు, కంటి వెనక పొర రెటీనా దెబ్బతిని ఉండొచ్చు. ఆ రోజే కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళు.

రేపెప్పుడైనా గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్ రాస్తే, డిగాక్సిన్ ఉందని నువ్వే గుర్తుచెయ్యి. అది కలిస్తే రక్తంలో డిగాక్సిన్ పెరుగుతుంది, మోతాదు సగానికి తగ్గిస్తుంటారు. దగ్గుకి ఒక్కోసారి ఇచ్చే యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్ కూడా డిగాక్సిన్‌ని అలాగే పెంచుతుంది. అమియోడరోన్ వాడేవాళ్ళలో చాలామందికి కంటి నల్లగుడ్డు మీది పొరలో మెలికల ముగ్గులా మరకలు పడతాయి. కంటి డాక్టరు అది చూసి చెబితే కంగారుపడకు, చూపుకి సాధారణంగా నష్టముండదు. చూపు నిజంగా మందగిస్తే మాత్రం ఆగకు. కంటి డాక్టరుకీ ఈ మందుల చీటీ చూపించు: నీటికాసులకి వేసే టిమోలాల్ చుక్కలు కంట్లో వేసినా గుండె వేగాన్ని తగ్గిస్తాయి.

మీ నాన్న సామాన్లలో తెల్ల పింగాణీ పళ్ళెం ఒకటి పెట్టి పంపిస్తున్నాను. అన్నం అందులో పెట్టు, పెట్టినప్పుడు పక్కన కూర్చో. ఎలా ఉంది నాన్నా అని అడుగు, చెప్పేదాకా ఆగు. ఆవకాయ పంపమంటాడు, పంపట్లేదు. అడిగితే పెద్దమ్మ వద్దందని చెప్పు. ఇల్లు చేరగానే నాడి ఎంతుందో చూసి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ